హెడ్ దించకండి, ముందు గాలి తీయండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముందు ఒక మాట చెప్పేస్తాను, మిగతాది తర్వాత నిదానంగా చదువుకోండి. ఆ కారు ఇంజన్ హెడ్, అంటే సిలిండర్ల పైన మూతలా బిగించి ఉండే భాగం, ఇప్పుడే దించనివ్వకండి. గాలి తీసేదాకా బండి బయటికి కూడా తీయకండి.

మీరు చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. 2003 మోడల్ మారుతి జెన్ కారు, మీ నాన్నగారు వాడిన బండి. ఉండేది కడపలో. పోయిన ఆదివారం ఇంటి దగ్గరే పాత కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మొత్తం దించేసి, రేడియేటర్ పై హోస్ పైపు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) మార్చి, కొత్త కూలెంట్ పోశారు. అంతకుముందు ఏనాడూ వేడెక్కని బండి ఇప్పుడు పది నిమిషాలు ఐడిల్‌లో ఉంటే చాలు, టెంపరేచర్ ముల్లు ముప్పావు దాకా లేస్తోంది. ఒక్కోసారి ఉన్నట్టుండి కిందికి పడి మళ్లీ లేస్తోంది. డాష్‌బోర్డు వెనక గలగలమని నీళ్ల చప్పుడు. రేడియేటర్ పక్క డబ్బాలోకి కూలెంట్ పొంగి వస్తోంది. ఎవరో చెబితే హీటర్ వేసి చూశారు, వేడిగాలి రాలేదు. మెకానిక్ వచ్చి చూసి, హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ ఇంజన్ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్ దించాలి అన్నాడు. వచ్చే వారం రాయచోటికి వెళ్లాలి, ఏం చేయమంటారు అని అడిగారు.

వీటన్నిటికంటే ముఖ్యమైన సంగతి మీరు చివర్లో మాటవరసకు రాశారు. పాత కూలెంట్ బకెట్లోకి దించితే దాదాపు 4 లీటర్లు వచ్చింది, కొత్తది రెండున్నర లీటర్లకే మూతి దాకా నిండిపోయింది, మిగిలింది క్యాన్‌లోనే ఉంది అన్నారు. బయటికి వచ్చింది నాలుగు, లోపలికి పోయింది రెండున్నర. మరి ఆ లీటరున్నర చోటులో ఏముంది? గాలి ఉంది. మీ బండి జబ్బు చాలావరకు అదే.

ఆ బకెట్ ఇంకా వరండాలోనే ఉంటే ముందు దాన్ని తీసి భద్రం చేయండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు తాగేస్తాయి. అది విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

గాలి ఉంటే ఏమవుతుందంటే, వాటర్ పంపు లోపల ఉండేది చిన్న రెక్కల చక్రం. అది నీళ్లను తోయగలదు గానీ గాలిని తోయలేదు. మన బోరు మోటారులో ఎయిర్ పడితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, పైపులో మాత్రం నీళ్లు రావు, అచ్చం అలాగే. గాలి ఎప్పుడూ ఎత్తుగా ఉన్న చోటికి చేరుతుంది. మీ బండిలో అలాంటి చోట్లు మూడు: థర్మోస్టాట్ కూర్చునే హౌసింగ్, సిలిండర్ హెడ్ పైభాగం, డాష్‌బోర్డు వెనకుండే హీటర్ చిన్న రేడియేటర్. మీకు వినబడే గలగల చప్పుడు ఆ మూడోదాంట్లోది. హీటర్ వేడిగాలి ఇవ్వకపోవడానికి కారణం కూడా అదే అయ్యుండాలి, వేడినీళ్లు అక్కడిదాకా చేరడం లేదు. ముల్లు లేచి పడడం దేనికంటే, టెంపరేచర్ సెన్సర్ ఒకసారి నీళ్లలో ఉంటోంది, ఒకసారి ఆవిరిలో ఉంటోంది. గ్యాస్కెట్ పోయిన బండిలో కూడా ఇవే లక్షణాలు కనబడతాయి కాబట్టి మీ మెకానిక్‌ను నేను తప్పుపట్టడం లేదు. కానీ నిన్నటిదాకా బాగున్న బండి మనం చెయ్యి పెట్టాక పాడైతే, ముందు చూడాల్సింది మనం చెయ్యి పెట్టిన చోటే.

ఇది నేను నేర్చుకున్న రోజు నాకు బాగా గుర్తు. తొంభైల్లో అనంతపురంలో ఒక షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. ఒక టీచరు గారి మారుతి 800 వచ్చింది. హోస్ పైపు మార్చాక వేడెక్కుతోందన్నారు. ఉస్తాద్ ఊర్లో లేడు. నేనే చూసి గ్యాస్కెట్ అని తేల్చి, హెడ్ దించి, లేత్‌కు పంపి ఫేసింగ్ చేయించి (అడుగు చదును చేయించి), కొత్త గ్యాస్కెట్ వేసి రెండు రోజుల్లో బిగించాను. స్టార్ట్ చేస్తే మళ్లీ అదే వేడి. ఉస్తాద్ వచ్చి ఏమీ అనలేదు. దించిన పాత గ్యాస్కెట్ తీసుకురమ్మన్నాడు. గుడ్డతో తుడిచి వెలుగులో పెట్టి చూపించాడు. ఎక్కడా కాలిన గీత లేదు, అంచులు చక్కగా ఉన్నాయి. తర్వాత బండి ముందు చక్రాల కింద రెండు బండలు పెట్టించి, రేడియేటర్ మూత తీసి, హీటర్ పైపు చివర కొద్దిగా వదులు చేశాడు. బుస్సుమని గాలి వచ్చింది, దాని వెనకే పచ్చటి నీళ్లు. అంతే, బండి బాగైపోయింది. ఆ టీచరు గారి నెల జీతంలో పెద్ద ముక్క నా తొందరపాటుకు పోయింది. అప్పటినుంచి కళ్లతో చూసి నిర్ధారించుకోకుండా ఏ బండి హెడ్డూ దించలేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. పొద్దున్నే ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. వేడిమీద రేడియేటర్ మూత జోలికి మాత్రం పోవద్దు. ఆ మూత నీళ్లను ప్రెషర్‌లో పట్టి ఉంచుతుంది. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీళ్లు ఆ ప్రెషర్‌లో దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. మీరు మూత తిప్పిన క్షణంలో ఆ ప్రెషర్ పోతుంది, నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. అలా కాలిన చేతులు నేను చాలానే చూశాను.

మన ఇళ్ల ముందు వీధి నుంచి గేటులోకి ఎక్కే ర్యాంపు ఉంటుంది కదా, బండి ముందుభాగం పైకి వచ్చేలా దాని మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. రేడియేటర్ మూతి మొత్తం సిస్టమ్‌లో ఎత్తైన చోటు కావాలి, దానికోసమే ఇదంతా. లోపల హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పండి. ఇక్కడ ఒక చిక్కుంది. మన ఎండలకు హీటర్ ఎవరు వేస్తారు? ఇరవై ఏళ్లుగా ముట్టని నాబ్ కేబుల్ బిగుసుకుపోయి ఉంటుంది. మీరు నాబ్ తిప్పినా అవతల వాల్వు తెరుచుకోకపోవచ్చు. ఇంకొకరిని నాబ్ తిప్పమని, ఇంజన్ వైపు ఆ వాల్వు మీట కదులుతోందో లేదో మీ కళ్లతో చూసుకోండి. కొన్ని బండ్లకు హీటర్ లీకైందని రెండు పైపులూ కలిపేసి బైపాస్ చేసి ఉంటారు, అదీ ఒకసారి చూడండి. మీ బండిలో గలగల చప్పుడు వస్తోంది కాబట్టి బైపాస్ అయ్యుండదనే అనుకుంటున్నాను.

ఇప్పుడు మూత తీసి కూలెంట్ సన్నటి ధారగా పోయండి. గబగబా పోస్తే లోపలి గాలికి బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. పోయినవారం చేశారుగా, మొదటిసారి జరిగింది అదే అయ్యుంటుంది. కొద్దికొద్దిగా పోస్తూ, పై హోస్ పైపును, కింది హోస్ పైపును అరచేత్తో పిసుకుతూ ఉండండి. ఆవు పొదుగు పిండినట్టు, గట్టిగా పట్టి నిదానంగా వదలాలి. మూతి దగ్గర గుడగుడమని బుడగలు వస్తాయి, మట్టం కిందికి పోతుంది. మళ్లీ పోయండి. బుడగలు ఆగేదాకా ఇదే పని. పావుగంట పట్టినా పట్టనివ్వండి.

తర్వాత ఏసీ ఆపి, మూత తీసి ఉంచే స్టార్ట్ చేయండి. ఏసీ ఎందుకు ఆపమంటున్నానంటే, ఏసీ వేస్తే రేడియేటర్ ఫ్యాన్ దానికోసం తిరుగుతుంది, ఇంజన్ వేడికి ఫ్యాన్ దానంతటదే తిరుగుతోందో లేదో మనకు తెలియకుండా పోతుంది. ఐడిల్‌లో ఉండనిచ్చి పై హోస్ పైపు మీద చెయ్యి వేసి ఉంచండి. చాలాసేపు గోరువెచ్చగానే ఉండి, ఒక దశలో చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. థర్మోస్టాట్ తెరుచుకుందని అర్థం. అప్పుడు మట్టం దభీమని పడొచ్చు, లేదా ఒక్కసారిగా పైకి పొంగొచ్చు, అందుకే మొహం పక్కకు పెట్టుకోండి. పడితే నింపండి. ఇక మూత బిగించి, ఎక్సలేటర్ కొద్దిగా రైజ్ చేసి, 2000 ఆర్‌పీఎం దగ్గర రెండు మూడు నిమిషాలు ఉంచండి. హీటర్ నుంచి ఇప్పుడు వేడిగాలి రావాలి. ఫ్యాన్ తిరిగి, ఆగి, మళ్లీ తిరిగేదాకా బండి దగ్గరే ఉండండి. పక్క డబ్బాలో కూలెంట్ రెండు గీతల మధ్య ఉండాలి. మరుసటి రోజు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూస్తే మట్టం ఇంకా కొంచెం తగ్గి ఉంటుంది. కంగారు పడకండి, నింపండి. రెండు మూడు రోజుల్లో అది నిలబడుతుంది. క్యాన్‌లో మిగిలిన లీటరున్నర ఇంచుమించు మొత్తం లోపలికి పోతే, లెక్క సరిపోయినట్టే.

పై పైపు ఎంతకీ వేడెక్కలేదు, ముల్లు మాత్రం లేస్తోంది అంటే అనుమానం థర్మోస్టాట్ మీదికి పోతుంది. కొత్తదే కదా అనకండి. స్ప్రింగు వైపు ఇంజన్ లోపలికి ఉండాలి. తిరగేసి పెడితే, వేడికి కరిగి దాన్ని తెరిచే లోపలి మైనం గుళికకు వేడినీళ్లు తగలవు, టైముకు తెరుచుకోదు. దాని పళ్లెం అంచున చిన్న రంధ్రంలో కదిలే పిన్ను ఒకటి ఉంటుంది, గాలి పోవడానికే దాన్ని పెట్టారు. అది పైవైపుకు ఉండాలి. కిందికి పెడితే గాలి పైన అలాగే ఉండిపోతుంది.

థర్మోస్టాట్ పనిచేస్తోందా అని ఇంట్లోనే చూడొచ్చు. దాని మీద అంకె చెక్కి ఉంటుంది, 82 అనో 88 అనో. అన్ని డిగ్రీలకు అది తెరుచుకోవడం మొదలుపెట్టాలి. ఒక గిన్నెలో మరిగే నీళ్లలో వేసి తెరుచుకోగానే ఆ సందులో ఒక కుట్టుదారం దూర్చండి. బయటికి తీసి చల్లారనిస్తే అది దారాన్ని పళ్లతో కరిచినట్టు పట్టుకుంటుంది. ఇప్పుడు గిన్నెలో చల్లనీళ్లు పోసి, అడుగుకు తగలకుండా ఆ దారంతోనే దాన్ని వేలాడదీసి, పక్కన వంటింటి థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించండి. నీళ్లు ఎక్కడిదాకా వేడెక్కాక అది దారాన్ని వదిలేసి టంగుమని గిన్నెలో పడుతుందో, అదే దాని అసలు టెంపరేచర్. కొత్త డబ్బాలోంచి తీసినవి కూడా పడకుండా వేలాడుతూ ఉండిపోవడం నేను చూశాను. అందుకే నేను ఏ థర్మోస్టాట్‌నూ గిన్నెలో వేసి చూడకుండా బిగించను.

మన వైపు చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: "రాయలసీమ ఎండలకు థర్మోస్టాట్ దేనికి, పీకేయ్." దయచేసి ఆ పని చేయకండి. మీది ఎంపీఎఫ్ఐ బండి, అంటే పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటరే చూసుకునే రకం. ఇంజన్ సరిగ్గా వేడెక్కకపోతే కంప్యూటర్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ఇంజన్ అరుగుతుంది. థర్మోస్టాట్ తీసేశాక వేడి తగ్గిందంటే అసలు జబ్బు ఎక్కడో దాక్కుందనే అర్థం, నయమైందని కాదు.

గాలి తీశాక కూడా నిలబడి ఉన్నప్పుడే వేడెక్కి, రోడ్డు మీద పోతుంటే తగ్గితే ఫ్యాన్ వైపు చూడండి. హోస్ మార్చేటప్పుడు ఫ్యాన్ స్విచ్ కనెక్టర్ ఊడదీసి మర్చిపోవడం మామూలే. దానికి వ్యతిరేకంగా, ఊర్లో బాగుండి హైవే మీద 80లో పోతుంటే ముల్లు లేస్తే ఫ్యాన్‌కు సంబంధం లేదు, చాలావరకు రేడియేటర్ లోపల పూడిపోయి ఉంటుంది. ఇక మూత కూడా ఒకటి కొని వేసేయండి, కొన్ని వందల్లో వస్తుంది. అందులో రెండు వాల్వులుంటాయి. ఒకటి వేడికి కూలెంట్‌ను డబ్బాలోకి పంపుతుంది, రెండోది చల్లారాక వెనక్కి లాక్కుంటుంది. పొద్దున చూస్తే పై హోస్ పైపు పీల్చుకుపోయి చదునుగా ఉందంటే ఆ రెండోది బిగుసుకుందని గుర్తు.

సరే, నిజంగా గ్యాస్కెట్టే పోయి ఉంటే ఎలా తెలుస్తుంది? అదీ చెప్పాలి, ఎందుకంటే ఇన్ని రోజులు గాలితో నడిపారు, మీ జెన్‌కు బ్లాకూ హెడ్డూ రెండూ అల్యూమినియమే, ఎక్కువ వేడికి హెడ్ వంకర పోవడానికి ఆస్కారం ఉంది. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, నీళ్లింకా వేడెక్కకముందే పై హోస్ పైపు రాయిలా గట్టిపడితే అది మామూలు ప్రెషర్ కాదు, సిలిండర్‌లోంచి వచ్చే ప్రెషర్. మూత తీసి ఉంచితే బుడగలు ఎంతసేపటికీ ఆగవు, ఇంజన్ రైజ్ చేసినకొద్దీ ఎక్కువవుతాయి. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, తియ్యటి వాసన వస్తాయి. ప్లగ్గులు తీస్తే ఒకటి మిగతావాటిలా కాకుండా కడిగినట్టు శుభ్రంగా ఉంటుంది. డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ పాల టీ రంగుకు తిరుగుతుంది. ఆయిల్ మూత లోపల కొద్దిగా మీగడలాంటిది ఉంటే మాత్రం భయపడొద్దు, రోజూ కొద్ది దూరమే తిరిగే బండిలో చెమ్మకు కూడా అలా అవుతుంది. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే నీలం రంగు ద్రవంతో చేసేది ఉంది. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని దాంట్లోంచి పీలిస్తే, సిలిండర్ గ్యాస్ కలిసి ఉన్నప్పుడు నీలం పోయి పసుపు రంగుకు వస్తుంది. ఆ పరీక్ష చేయించి, పసుపు రంగు మీ కళ్లతో చూసి, అప్పుడు హెడ్ దించమనండి. ఆ మెకానిక్‌కు కూడా ఇదే మాట మర్యాదగా చెప్పండి. పని తెలిసినవాడైతే కాదనడు.

నీళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మీరు పాతది దించాక బోరు నీళ్లతో ఫ్లష్ చేశానన్నారు. మన కడప, అనంతపురం బోరు నీళ్లలో సున్నం ఎంతుంటుందో ఇంట్లో వేడినీళ్లు కాచే గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. హీటర్ రాడ్డు మీద తెల్లగా పెచ్చు కడుతుంది చూశారా, అదే పెచ్చు ఇంజన్ లోపల అన్నిటికంటే వేడిగా ఉండే చోట, అంటే సరిగ్గా హెడ్ చుట్టూ కడుతుంది. ఆ పెచ్చు వేడిని నీళ్లకు పోనివ్వదు. ఒక్కసారి ఫ్లష్ చేసినందుకు కొంప మునగదు గానీ, ఇకమీదట బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరే వాడండి. దారిలో గత్యంతరం లేకపోతే మినరల్ వాటర్ పోసుకుని ఊరు చేరాక మార్చుకోండి. "మనకు మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలు" అని కూడా అంటుంటారు. కూలెంట్ గడ్డకట్టకుండా ఉండడానికి మాత్రమే కాదు. మరిగే డిగ్రీ పెంచుతుంది, అల్యూమినియం తినేయకుండా కాపాడుతుంది, పంపు సీలును కాపాడుతుంది. మీరు కొన్నది నేరుగా పోసే రకమా, నీళ్లు కలపాల్సిన రకమా అన్నది క్యాన్ మీద చదవండి. నీళ్లు కలపాల్సినదాన్ని చిక్కగా అలాగే పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు, కూలెంట్ కంటే నీళ్లే వేడిని బాగా మోస్తాయి.

లీకు కనబడితే పసుపు పోయమని చెప్పేవాళ్లుంటారు. అడవిలో రాత్రిపూట బండి ఆగిపోతే ఇల్లు చేరడానికి పనికొచ్చే ఉపాయమే, కానీ ఆ పసుపే తర్వాత హీటర్ సన్నటి గొట్టాల్లోకి పోయి ముద్దకడుతుంది. బాత్‌రూం యాసిడ్‌తో రేడియేటర్ కడగడం అంతకంటే ఘోరం, అల్యూమినియాన్ని అది తినేస్తుంది.

రాయచోటి ప్రయాణం గురించి. దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది, కాబట్టి తొందరపడకండి. లోడు లారీల వెనక ఫస్ట్, సెకండ్ గేర్లలో పాకుతూ ఎక్కాలి, గాలి తగలదు, ఇంజన్ మీద భారం ఎక్కువ. కూలింగ్‌లో ఏ చిన్న లోపమున్నా ఆ ఎక్కుడులో బయటపడుతుంది. మట్టం వరసగా మూడు పొద్దులు కదలకుండా ఉంటేనే వెళ్లండి. అంతకుముందు ఒకరోజు ఊరి చుట్టూ ముప్పై నలభై కిలోమీటర్లు తిప్పి చూడండి. ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపేయండి. ముల్లు సగం దాటి లేస్తుంటే అద్దాలు దించి హీటర్ ఫుల్‌గా పెట్టండి. ఉక్కపోతగా ఉంటుంది గానీ, అది మీకు రెండో రేడియేటర్‌లా పనిచేస్తుంది. అప్పటికీ ఆగకపోతే, లేదా బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తే, జాగా చూసి పక్కకు ఆపి ఇంజన్ ఆపేయండి. బానెట్ తెరిచి ఉంచండి, మూత ముట్టకండి, ముప్పావుగంట ఆగండి. వేడి ఇంజన్‌లో చల్లనీళ్లు పోయకండి. ఏ ఇబ్బందీ లేకుండా పైకి చేరితే గువ్వలచెరువులో పాలకోవా కోసం ఎటూ ఆగుతారు కదా, అప్పుడు బానెట్ తెరిచి డబ్బాలో మట్టం ఒకసారి చూసుకోండి.

గాలి తీశాక మూడు సంగతులు రాయండి: మొత్తం ఎన్ని లీటర్లు పట్టింది, హీటర్ వేడిగాలి ఇచ్చిందా, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన రెండో నిమిషంలో పై హోస్ పైపు మెత్తగా ఉందా గట్టిగా ఉందా. దాన్నిబట్టి తర్వాత ఏం చూడాలో చెబుతాను.